బానెట్ ఎవరు తెరవాలి?

కారు చరిత్ర రాసిన ప్రతి పుస్తకంలోనూ 1888 ఆగస్టు గురించి ఒక పేరా ఉంటుంది. కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిని ఆయన భార్య బెర్తా ఆయనకు చెప్పకుండా బయటికి తీసి, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి ప్రయాణం కట్టింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. అప్పటిదాకా ఎవరూ మోటారు బండి మీద అంత దూరం వెళ్ళలేదు. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసిందనీ, తీగ దగ్గర సమస్య వస్తే మేజోడు పట్టీ తీసి చుట్టిందనీ ఆ పేరా చెబుతుంది. అక్కడితో అయిపోతుంది. తర్వాతి పేరాలో మళ్ళీ కార్ల్ బెంజ్ వచ్చేస్తాడు.

పిన్నూ, మేజోడు పట్టీ చరిత్రకారులకు ఎందుకు అంత ముద్దొచ్చాయో ఊహించడం కష్టం కాదు. ఆడవాళ్ళ అలంకరణ సామగ్రి ఇంజినుకు పనికొచ్చిందనే ముచ్చట అది. నాకు మాత్రం ఆ ప్రయాణంలో మిగిలిన మజిలీలు ముఖ్యమనిపిస్తాయి. వీస్‌లోక్ ఊళ్ళో మందుల దుకాణంలో లిగ్రాయిన్ అనే ద్రావకాన్ని ఇంధనంగా కొన్నది. గొలుసు పాడైతే కమ్మరి దగ్గర ఆగింది. చెక్క బ్రేకులు అరిగిపోతుంటే చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. అంటే రోగం పోల్చినది ఆమె, వైద్యం చెప్పినది ఆమె. చేతిపని మాత్రం ఊళ్ళలోని పనివాళ్ళది. ఇంటికి తిరిగొచ్చాక, ఎత్తు ఎక్కాలంటే ఇంకో గేరు కావాలని భర్తకు చెప్పింది కూడా. ఇంకొక్క మాట. ఆ వ్యాపారం నిలబడడానికి పెళ్ళికి ముందే వాడుకున్న డబ్బు ఆమె కట్నం డబ్బు. 1886 నాటి పేటెంటు మీద పేరు ఒక్కరిదే. మన పాఠకులకు ఇది పరాయి దేశపు కథలా అనిపించకపోవచ్చు.

బెర్తాకు సర్వీసు సెంటరు లేదు. నమ్మడానికి గానీ అనుమానించడానికి గానీ ఎవరూ లేరు. అక్కడి నుంచి, కొత్త కారు కొన్న స్త్రీని గాజు గోడకు ఇవతల మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, చేతికి కాఫీ కప్పు ఇచ్చి, 'మీరు నిశ్చింతగా ఉండండి మేడమ్, మేం చూసుకుంటాం' అనే కాలం దాకా ఎలా వచ్చాం? ఆ నిశ్చింతకు మనం చెల్లిస్తున్న ధర ఏమిటి? ఈ ప్రశ్నలు కొంతకాలంగా నన్ను వెంటాడుతున్నాయి. సాహిత్యంలో పరిశోధన చేసినదానికి కార్ల గొడవ ఎందుకని మా విభాగంలో ఒకరిద్దరు నవ్వారు. కారనేది మధ్యతరగతి సౌకర్యం, దానిమీద స్త్రీవాద చర్చ ఏమిటని ఒక మిత్రురాలు కాస్త గట్టిగానే అడిగింది. ఆమె ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ ఒక వస్తువు మనదై, దాని గురించిన జ్ఞానం మాత్రం మనది కాకుండా పోయే పద్ధతి కారుతో మొదలైనదీ కాదు, కారుతో ఆగేదీ కాదు. అందుకే రాస్తున్నాను.

మొదట్లో ఈ అజ్ఞానం బాధ మగవాళ్ళదే కావడం విశేషం. ఇరవయ్యో శతాబ్దం మొదటి సంవత్సరాల్లో అమెరికాలో కారు కొన్నవాళ్ళు సంపన్నులు. వాళ్ళకు బండి గురించి ఏమీ తెలియదు, నడిపేదీ బాగుచేయించేదీ జీతానికి పెట్టుకున్న షోఫర్. ఈ షోఫర్లు మరమ్మతు చేసే గరాజుల దగ్గర కమీషన్లు పుచ్చుకునేవాళ్ళు. లేని మరమ్మతులు పుట్టేవి, యజమానికి బిల్లు వచ్చేది. ఆ రోజుల్లో పత్రికలు దీన్ని 'షోఫర్ సమస్య' అని చర్చించాయి. కెవిన్ బోర్గ్ అనే చరిత్రకారుడు మోటారు మెకానిక్కుల చరిత్ర మీద 2007లో ప్రచురించిన పుస్తకంలో ఈ సంగతంతా వివరంగా ఉంది. యజమాని కన్నా పనివాడికి ఎక్కువ తెలియడం ఆ వర్గానికి మింగుడుపడలేదు. దానికి వాళ్ళు వెతుక్కున్న ఒక పరిష్కారం చదువు. వై.ఎం.సి.ఏ.లు మోటారు పాఠశాలలు తెరిచాయి. వై.ఎం.సి.ఏ. అన్న పేరులోనే యువకులు ఉన్నారు, యువతులు లేరు. మగవాడికి తెలియకపోతే అది తీర్చవలసిన లోటు. ఆడదానికి తెలియకపోతే అది ఆమె స్వభావం! ఈ తేడా అప్పుడే, అక్కడే ఖాయమైపోయిందని నా అభిప్రాయం.

అలాగని స్త్రీలు ఊరుకున్నారా? 1909 సంవత్సరం ఒక్కటి చూడండి. ఇంగ్లండులో డోరతీ లెవిట్ అనే కారు పందేల క్రీడాకారిణి 'ద వుమన్ అండ్ ద కార్' అనే పుస్తకం వేసింది. ఒకప్పుడు ఆమె నేపియర్ కంపెనీలో టైపిస్టు. ఇంజినులో ఏ భాగం ఏ పని చేస్తుందో, ఏది ఎలా విప్పాలో, ఏ దుస్తులు వేసుకోవాలో అన్నీ స్త్రీలకోసం రాసింది. వెనక వచ్చే బండిని చూడడానికి చేతిలో చిన్న అద్దం పట్టుకోమని సలహా ఇచ్చింది. కార్లకు వెనక అద్దం మామూలైపోవడానికి ముందు మాట అది. అదే ఏడాది అమెరికాలో ఆలిస్ రామ్సే అనే ఇరవై రెండేళ్ళ యువతి న్యూయార్క్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా 59 రోజుల్లో కారు నడిపింది. వెంట వచ్చిన ముగ్గురు స్త్రీలకూ డ్రైవింగు రాదు. దారిలో 11 టైర్లు మార్చింది, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేసుకుంది. మాక్స్‌వెల్ కంపెనీ ప్రచారం కోసం ఆ ప్రయాణానికి ఖర్చు పెట్టుకుంది. ఆడది కూడా నడపగలిగిందంటే మా బండి ఎంత గట్టిదో చూడండని చెప్పుకోవడం వాళ్ళ ఉద్దేశం. ఆమె నైపుణ్యానికి రుజువు కావలసిన ప్రయాణం, బండి సులువుకు రుజువైపోయింది. ఆమె తన ప్రయాణం గురించి తానే పుస్తకం రాసుకునేసరికి 1961 వచ్చింది.

1912లో కాడిలాక్ కార్లకు ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ వచ్చింది. ముందు హ్యాండిల్ వేసి తిప్పే శ్రమ తప్పింది. దీన్ని 'స్త్రీలకోసం వచ్చిన సౌకర్యం'గా ప్రచారం చేశారు. హ్యాండిల్ వెనక్కి తన్ని చేతులు విరగ్గొట్టుకున్నది మగవాళ్ళు కూడానని వర్జీనియా షార్ఫ్ 'టేకింగ్ ద వీల్' (1991) చదివాక మనకు వెంటనే తోస్తుంది. సౌకర్యం అందరిదీ, దాని తాలూకు బలహీనత ఒక్కరిది. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపింది తన భర్త కంపెనీ తయారుచేసిన పెట్రోలు కారు కాదు, డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారు. శుభ్రంగా, చప్పుడు లేకుండా, దూరం పోకుండా ఉండే బండి స్త్రీకి తగినదని అప్పటి వ్యాపార ప్రకటనలు తీర్మానించాయి.

బండి నమ్మకంగా నడవడం మొదలయ్యాక దాని గురించిన జ్ఞానం ఇంట్లోంచి వర్క్‌షాపుకు తరలిపోయింది. ఇది సహజం, ఒకరకంగా మంచిదే కూడా. ఎవరి బావి వాళ్ళు తవ్వుకోనట్టే ఎవరి ఇంజిను వాళ్ళు విప్పుకోవలసిన అవసరం లేదు. కానీ అక్కడ ఒక చిక్కు ఉంది. డాక్టరు ఆపరేషను అవసరమంటే అవసరమే అనుకుంటాం. మెకానిక్ ఫలానా భాగం పోయిందంటే పోయిందే అనుకుంటాం. పని అయిపోయిన తర్వాత కూడా అది నిజంగా అవసరమైందో లేదో మనం తేల్చుకోలేం. బండి నడుస్తోంది, అంతే. మైకేల్ డార్బీ, ఎడి కార్నీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1973లో ఇటువంటి సేవలకు ఒక పేరు పెట్టారు. వాడాక కూడా విలువ తెలుసుకోలేక, చెప్పినవాడి మాట మీదే ఆధారపడే సేవలు. వాళ్ళు చర్చించిన ఉదాహరణ కారు మరమ్మతే. వ్యాస శీర్షికలో 'సరిపడా మోసం ఎంత' అన్న అర్థం వచ్చే మాట వాడారు. ఆర్థికశాస్త్రంలోనూ అప్పుడప్పుడూ కథకులు పుడతారన్నమాట.

అంతకు ముప్పై ఏళ్ళ ముందే ఒక పత్రిక దీన్ని ఆచరణలో పరీక్షించింది. 1941లో రీడర్స్ డైజెస్ట్ తరఫున పరిశోధకులు ఒక కారులో కాయిల్ తీగ ఒకటి ఊడదీసి, అమెరికాలోని 48 రాష్ట్రాల్లో 347 గరాజులకు తీసుకుపోయారు. ఏమాత్రం తెలిసినవాడైనా చూపు పడగానే తగిలించి పంపించే లోపం అది. 347లో 63 శాతం చోట్ల ఏదో ఒక మోసం జరిగింది. లేని రోగాలు చెప్పారు, చేయని పనికి డబ్బు తీసుకున్నారు. 'వైట్ కాలర్ క్రైమ్' రాసిన ఎడ్విన్ సదర్లాండ్ ఈ లెక్కను తన పుస్తకంలోకి తీసుకున్నాడు. నేరం పేదవాడి గుణం కాదు, అవకాశం ఉన్న ప్రతి వృత్తిలోనూ జరిగేదేనని నిరూపించడానికి. నేను ఆ అధ్యాయం చదివినప్పుడు నన్ను ఆకట్టుకున్నది 63 కాదు, మిగిలిన 37. ఎవరూ చూడని చోట, అడిగేవాళ్ళు లేని చోట, నూటికి ముప్పై ఏడుగురు తీగ తగిలించి నిజాయితీగా పంపేశారు. ఆ ముప్పై ఏడుగురిలో మన దగ్గరున్నవాడు ఒకడో కాదో తెలియకపోవడమే అసలు బాధ.

ఇక మన దగ్గరికి వద్దాం. నా చిన్నతనంలో మా పెదనాన్నగారికి ఒక పాత అంబాసిడర్ ఉండేది. దాని బాగోగులన్నీ విజయవాడ ఆటోనగర్‌లో. పెదనాన్న పొద్దున్నే బండి తీసుకెళ్ళి, రాత్రి నూనె వాసనతో తిరిగొచ్చేవారు. మెకానిక్ పక్కనే స్టూలు మీద కూర్చుని, విప్పిన ప్రతి ముక్కా చేతిలోకి తీసుకుని చూసి, వాదించి, టీ తాగి, మళ్ళీ వాదించి, చివరికి డబ్బులిచ్చేవారు. వాళ్ళిద్దరి మధ్యా ఉన్నది నమ్మకమా, అనుమానమా అంటే చెప్పలేను. రెండూ కలిసిన పరిచయం అది. మా పెద్దమ్మ ఆ కారులో ముప్పై ఏళ్ళు తిరిగింది. ఆటోనగర్ ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. అక్కడ ఆడవాళ్ళకు కూర్చునే స్టూలు లేదు, మరుగుదొడ్డి అసలే లేదు.

ఆ షెడ్లలో పనిచేసిన మనుషుల గురించి కూడా చెప్పుకోవాలి. పదేళ్ళ వయసులో స్పానర్లు అందించే కుర్రాళ్ళుగా చేరి, బూతులు తిని, చేతుల మీద కాల్చుకుని, చెవితో విని ఇంజిను రోగం చెప్పగలిగిన వాళ్ళలో ఎక్కువమంది ముస్లిములు, బి.సి.లు, దళితులు. వాళ్ళ విద్యకు పట్టా లేదు. పెద్దకులాల యజమాని వాళ్ళను ఏకవచనంలో పిలిచేవాడు. చేతితో చేసే పనిని జ్ఞానంగా లెక్కించని సమాజం మనది. వంటను జ్ఞానంగా లెక్కించనట్టే. ఆ మెకానిక్కూ, మా పెద్దమ్మా ఎన్నడూ ఎదురుపడలేదు గానీ వాళ్ళిద్దరి మధ్యా ఏదో చుట్టరికం ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

యంత్రం దగ్గరకు స్త్రీ రావడాన్ని మన దగ్గర ఆపినవాళ్ళు ఎవరంటే జాబితా పెద్దది. మన తెలుగమ్మాయి అయ్యలసోమయాజుల లలిత, పద్దెనిమిదేళ్ళకే భర్తను పోగొట్టుకుని, చంటిపిల్ల తల్లి అయివుండి, మద్రాసు గిండీ ఇంజినీరింగు కాలేజీలో చేరి 1943లో ఎలక్ట్రికల్ ఇంజినీరై బయటికొచ్చింది. దేశంలో మొదటి మహిళా ఇంజినీర్లలో ఆమె ఒకరు. ముప్పై ఏళ్ళు గడిచాక 1974లో కూడా పుణేలో లారీలు తయారుచేసే టెల్కో కంపెనీ ఉద్యోగ ప్రకటనలో స్త్రీలు దరఖాస్తు చేయనవసరం లేదని రాసింది. అప్పటి సుధా కులకర్ణి, తర్వాత మనందరికీ తెలిసిన సుధా మూర్తి, జె.ఆర్.డి. టాటాకు పోస్టుకార్డు రాసి ఆ నిబంధనను ప్రశ్నించి ఉద్యోగం సంపాదించుకున్నది అప్పుడే.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందించింది. చిన్న బండి, తేలికైన స్టీరింగు. స్త్రీలు పెద్ద సంఖ్యలో స్టీరింగు పట్టింది ఆ తరం బండ్లతోనే. దాంతోపాటు ఇంకోటి కూడా వచ్చింది. కంపెనీ గుర్తింపు ఉన్న డీలరు, అతని వర్క్‌షాపు, రాతపూర్వకమైన ఎస్టిమేటు, రసీదు, వారంటీ పుస్తకం. 1990ల చివర కొరియా, జపాను కంపెనీలు గట్టిగా దిగాక షోరూములు గాజు భవనాలయ్యాయి. స్త్రీకి కూర్చోవడానికి చోటు దొరికింది. శుభ్రమైన మరుగుదొడ్డి దొరికింది. 'అండీ' అనే పిలుపు దొరికింది. వీటిని నేను తేలిగ్గా తీసుకోను. ఒంటరిగా షెడ్డుకు వెళ్ళలేని స్త్రీకి డీలరు దగ్గరి నమ్మకం నిజంగా ఒక స్వేచ్ఛ. కాగితం మీద ధర రాసివుండడం, ఎవరి మొహం చూసి వాళ్ళకు రేటు చెప్పకపోవడం ఎంత పెద్ద విషయమో, చూపులకు భయపడి ఎప్పుడైనా వెనక్కి తిరిగొచ్చిన వాళ్ళకు తెలుస్తుంది. గాజు గోడ మనల్ని కాపాడింది. లోపలికి రాకుండా ఆపింది కూడా.

2021లో నేను హైదరాబాదులో కొత్త కారు కొన్నాను. రిజిస్ట్రేషను నా పేరున, వాయిదాలు నా జీతం లోంచి, ఫోను నంబరు నాది. ఏడాది తిరిగాక మూడో 'ఉచిత' సర్వీసుకు ఇచ్చాను. ఉచితమంటే లేబర్ మాత్రమే ఉచితం, ఆయిలూ ఫిల్టర్లూ మన ఖర్చే అన్నది కొన్నవాళ్ళందరికీ తెలిసిందే. ఎస్టిమేటులో ఆయిలు, ఫిల్టరుతో పాటు ఇంజిన్ డీకార్బనైజింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్ అని మూడు పద్దులు కనిపించాయి. నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య పాఠం చదవడం. డ్యాష్‌బోర్డు అరలోంచి కంపెనీ ఇచ్చిన పుస్తకం తీసి, ఎన్ని కిలోమీటర్లకు ఏం చేయాలో ఉన్న పట్టిక తెరిచి, ఈ మూడూ ఇందులో ఎక్కడున్నాయని అడిగాను. 'అది కంపెనీ వాళ్ళు రాసింది మేడమ్, మన రోడ్లకు వేరే' అన్నాడు సర్వీసు అడ్వైజర్. అంత చక్కటి వ్యాఖ్యానాన్ని నేను సెమినార్లలో కూడా వినలేదు. మూల గ్రంథం ఒకటి, దాని మీద స్థానిక భాష్యం ఇంకొకటి. భాష్యానికే ధర.

వద్దన్నాను. సరేనన్నాడు. గంట తర్వాత బెంగుళూరు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. అత్యవసర నంబరు కింద వాడి పేరు రాశాను. వాళ్ళు వాడికి ఫోన్ చేసి, 'మేడమ్‌గారు వద్దంటున్నారు సార్, ఇంజిను పాడవుతుంది, మీరొకసారి చెప్పండి' అన్నారట. మా తమ్ముడికి కారు నడపడం రాదు. వాడు ఆ మాటే వాళ్ళతో చెప్పాడు. అయినా చెప్పమన్నారట!

ఇందులో మోసం ఎక్కడుందని అడిగితే వేలెత్తి చూపలేను. డీకార్బనైజింగ్ వల్ల నష్టమని నేననను, ఏడాది వయసున్న ఇంజినుకు దాని అవసరం ఏమిటో చెప్పమన్నానంతే. నన్ను బాధించింది డబ్బు కాదు. కారు యజమాని ఎవరన్నది కాగితాల్లో స్పష్టంగా ఉన్నా, కారు విషయం 'అర్థమయ్యేది' ఎవరికన్నది ఆ కాగితాల్లో లేదు. అది వాళ్ళ మనసులో ఎప్పుడో రాసివుంది.

ఆ రాతకు రూపాయల్లో విలువ కట్టిన పరిశోధనలున్నాయి. ఇయాన్ అయర్స్ 1991లో ప్రచురించిన అధ్యయనంలో షికాగో డీలర్ల దగ్గరికి ఒకే శిక్షణ ఇచ్చిన, ఒకే మాటలు మాట్లాడే కొనుగోలుదారుల్ని పంపించారు. తెల్ల మగవాళ్ళకు చెప్పిన లాభం కన్నా తెల్ల స్త్రీలకు 40 శాతం ఎక్కువ లాభం వేసుకుని ధర చెప్పారు. నల్లజాతి స్త్రీల దగ్గర మూడింతలకు పైగా. స్త్రీ అనే మాట ఒక్కటి చాలదని, ఏ స్త్రీ అన్నది అడగాలని మన దళిత స్త్రీవాదులు చెబుతున్నది ఇదే. ఇక మరమ్మతుల విషయంలో మేఘన్ బుస్సే, ఆయెలెట్ ఇస్రాయెలి, ఫ్లోరియన్ జెటెల్‌మేయర్ చేసిన అధ్యయనం 2013లో వెలుగుచూసింది. 2003 నాటి టయోటా కామ్రీకి రేడియేటరు మార్చడానికి ఎంతవుతుందని స్త్రీలతోనూ పురుషులతోనూ మరమ్మతు దుకాణాలకు ఫోన్లు చేయించారు. ధర గురించి ఏమీ తెలియదన్నట్టు మాట్లాడినప్పుడు స్త్రీలకు ఎక్కువ చెప్పారు. 365 డాలర్లవుతుందని విన్నాం అని ఒక్క ముక్క అంటే ఆ తేడా మాయమైపోయింది. ఇంకా విచిత్రం, తగ్గించమని అడిగితే మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళకే ఎక్కువసార్లు తగ్గించారు. అంటే అడ్డం వచ్చింది మన గొంతు కాదు, ఆ గొంతు వెనక ఏమీ ఉండదన్న ఊహ.

ఆ అడ్వైజర్ మీద నాకు కోపం లేదు. తర్వాతి సర్వీసుకు కౌంటరులో ఒక అమ్మాయి ఉంది. బి.టెక్. మెకానికల్ చదివిందట. వర్క్‌షాపు లోపల ఉద్యోగం అడిగితే, 'కస్టమర్లతో మాట్లాడడానికి నువ్వయితే బాగుంటావు' అని ముందు కూర్చోబెట్టారట. మాటల మధ్య, ఒక్కో బండికి ఇంత బిల్లు అవ్వాలని నెలవారీ లక్ష్యం ఉంటుందని, అందుకోకపోతే జీతంలో ప్రోత్సాహకం కోసేస్తారని చెప్పింది. 1992లో అమెరికాలో సియర్స్ సంస్థ కారు మరమ్మతు కేంద్రాల మీద కాలిఫోర్నియా ప్రభుత్వం రహస్య తనిఖీలు చేసినప్పుడు బయటపడింది కూడా ఇదే. 38 తనిఖీల్లో 34 సార్లు అవసరం లేని పని చెప్పారు. కమీషన్లు, కోటాలు పెట్టి ఉద్యోగుల్ని అటు నెట్టింది సంస్థ విధానమేనన్నది ఆరోపణ. ఒక మెకానిక్ దొంగ కావడం వేరు, దొంగతనానికి నెలవారీ పట్టిక వేయడం వేరు. నమ్మకం గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ ఎదురుగా ఉన్న మనిషి మొహం చూస్తాం. పట్టిక గోడకు అవతల ఉంటుంది.

గోడకు అవతలి సంగతులు మన దేశంలో ఒక్కసారి బాగా బయటికొచ్చాయి. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అసలు స్పేర్ పార్టులు బయటి మార్కెట్లో దొరకకుండా చేస్తున్నారని, రోగం కనిపెట్టే పరికరాలు స్వతంత్ర మెకానిక్కులకు అందనివ్వడం లేదని కమిషన్ తేల్చింది. విడిభాగాల మీద వేసుకునే లాభం సాధారణంగా 100 శాతం దాటుతోందని, కొన్నిచోట్ల 5,000 శాతం దాకా పోయిందని రాసింది. బయట మరమ్మతు చేయిస్తే వారంటీ మొత్తం రద్దని గుండుగుత్తగా షరతు పెట్టకూడదని కూడా ఆదేశించింది. అమెరికాలో ఈ రకం షరతుకు 1975 నాటి వారంటీ చట్టమే అడ్డుకట్ట వేసింది. మన కేసులో అప్పీళ్ళు ఏళ్ళ తరబడి నడిచాయి. 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో ప్రధాన నిర్ధారణల్ని సమర్థిస్తూనే జరిమానా లెక్క తగ్గించింది.

ఆ తీర్పు సారాంశం చదువుతుంటే నాకు ఆటోనగర్ మెకానిక్ గుర్తొచ్చాడు. చెవితో ఇంజిను రోగం చెప్పేవాడి దగ్గర కొత్త బండి ఆపితే అతను ఏమీ చేయలేడు. రోగం కంప్యూటరు లోపల సంకేతాల్లో ఉంటుంది, దాన్ని చదివే పరికరం కంపెనీది. పట్టా లేని అతని విద్య పనికిరాకుండా పోయింది. గాజు గోడకు ఇవతల సోఫాలో కూర్చున్న స్త్రీ, గేటుకు అవతల నిలబడ్డ మెకానిక్, ఇద్దరూ ఒకే తాళానికి బయట ఉన్నారు. ఒకరికి కాఫీ ఇచ్చారు, రెండోవాడి బతుకుతెరువు తీసుకున్నారు. 'నమ్మకమైన సర్వీసు' అనే మాట వెనక ఈ రెండు బహిష్కారాలూ ఉన్నాయి. డీలరు మీద ఆధారపడడమే తప్పని నేననడం లేదు. వారంటీ ఉన్నన్నాళ్ళూ నా బండి అక్కడికే వెళ్ళింది. కాకపోతే ఆధారపడడానికీ నమ్మడానికీ ఉన్న తేడాను చెరిపేసి, ఇంకో దారి లేకుండా చేసి, దానికి నమ్మకమని పేరు పెట్టడం దగ్గరే నా పేచీ.

1991లో 'సవాలక్ష సందేహాలు' తెలుగులో వచ్చినప్పుడు మన ముందు తరం స్త్రీలు డాక్టరు ఎదుట అడగలేని ప్రశ్నల్ని ఒకచోట చేర్చారు. అంతకుముందు బోస్టన్ స్త్రీలు 1970లో చేసిన 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' ఆ దారి చూపింది. గర్భసంచి తీసేయాలన్న మాటకు 'ఎందుకు?' అని తిరిగి అడిగే ధైర్యం ఇచ్చిన పుస్తకాలవి. శరీరాన్నీ కారునీ ఒక గాటన కట్టడం కొందరికి చులకనగా అనిపించవచ్చు. నాకలా అనిపించదు. తెల్లకోటూ, నీలం చొక్కా మాట్లాడే భాష ఒకటే. 'మీకు అర్థం కాదు, మేం చూసుకుంటాం.' మా అమ్మ ఆ మాట ఆస్పత్రిలో విన్నది. నేను వర్క్‌షాపులో విన్నాను.

మా క్యాంపసులో కార్లున్న నలుగురం ఇప్పుడు ఒక పని చేస్తున్నాం. పెద్ద ఉద్యమమేమీ కాదు. ఎవరు సర్వీసు చేయించినా బిల్లు ఫొటో తీసి మిగతావాళ్ళకు పంపుతారు. మార్చిన పాత భాగాలు సంచిలో వేసి ఇవ్వమని అడుగుతాం. మొదట్లో ఆ మాట వింటే నవ్వేవాళ్ళు, ఇప్పుడు అడక్కుండానే డిక్కీలో పెడుతున్నారు. నా బల్ల కింద ఒక అరిగిపోయిన బ్రేక్ ప్యాడూ, ఒక నల్లబడ్డ ఎయిర్ ఫిల్టరూ ఉన్నాయి. పిహెచ్.డి. విద్యార్థులు అవేమిటని అడిగితే చేతికిచ్చి చూపిస్తాను. మందం ఎంత మిగిలితే మార్చాలో చెప్పడం వచ్చింది నాకు.

గత నెలలో ఇద్దరి బిల్లులు ఒకే వారంలో వచ్చాయి. ఒకే మోడలు, ఒకే కిలోమీటర్ల సర్వీసు, ఒకే వర్క్‌షాపు. ఒక బిల్లులో లేని పద్దు ఇంకో బిల్లులో ఉంది, 'కన్స్యూమబుల్స్' అని, పక్కన వివరం లేకుండా. ఆ పద్దు ఉన్న బిల్లు మిత్రురాలి భర్త తీసుకెళ్ళిన కారుది. స్త్రీ తీసుకెళ్ళిన కారుకు ఆ పద్దు లేదు. ఆమె బండి వదిలే ముందు పుస్తకంలోని పట్టిక మీద గుర్తులు పెట్టి మరీ ఇచ్చింది. రెండు బిల్లులూ జతచేసి వివరణ అడుగుతూ వర్క్‌షాపు మేనేజరుకు ఉత్తరం రాశాం. తెలుగులోనే రాశాం. జవాబు ఇంకా రాలేదు.